కొత్త లారీకి అడ్వాన్సు ఇచ్చే ముందు దేశం కోలుకుందో లేదో చూసుకోవడం ఎలా

విజయనగరంలో మాది లారీ బుకింగ్ ఆఫీసు. మాంద్యం వచ్చి తగ్గుముఖం పట్టగానే ఓనర్లు అడిగే మొదటి మాట, "ఇప్పుడు ఇంకో బండి తీసుకోవచ్చంటావా?" నేను ఎకనామిక్స్ చదవలేదు. కానీ ఏ అంకెను నమ్మాలో, దేన్ని చూసి తొందరపడకూడదో కొంత తెలుసు.

పేపర్లో శాతం కనిపిస్తే ముందు దాన్ని పక్కన పెట్టండి. అసలు మొత్తం ఎంతో వెతకండి. 2021 ఆగస్టు 31న, ఏప్రిల్-జూన్ జీడీపీ, అంటే ఆ మూడు నెలల్లో దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ, 20.1 శాతం పెరిగిందని ప్రకటించారు. మా ఆఫీసులో ఒకాయన పేపరు మడిచి, "పెరిగిందంట కదేటి, మరి నా బండికి లోడేదీ?" అన్నాడు. జవాబు అదే ప్రకటనలో ఉంది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే 2020లో ఆ మూడు నెలల జీడీపీ 26.95 లక్షల కోట్లు, 2021లో 32.38 లక్షల కోట్లు. కోవిడ్‌కి ముందు, 2019లో, ఇది 35 లక్షల కోట్లు దాటి ఉండేది. అంటే పడినచోటి నుంచి లేచింది గానీ పాత మెట్టు ఎక్కలేదు. నూరు రూపాయల కిరాయి 76కి పడి, ఆ 76 మీద 20 శాతం పెరిగితే 91 రూపాయలే. కాబట్టి ఎప్పుడూ పోయినేడాదితో కాదు, పడకముందు ఏడాదితో పోల్చండి.

తర్వాత జీఎస్టీ. 2020 ఏప్రిల్‌లో 32 వేల కోట్లే వచ్చింది, అక్టోబరుకి లక్ష కోట్లు దాటింది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఈ నెల వసూలు చాలావరకు పోయిన నెల అమ్మకాలది. పైగా సరుకు పెరగకపోయినా ధర పెరిగితే పన్ను పెరుగుతుంది. అందుకే నేను ఈ-వే బిల్లుల (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే బిల్లులు) సంఖ్య, డీజిలు వాడకం కూడా చూస్తాను. ఈ మూడూ కలిసి నాలుగైదు నెలలు పైకి వెళ్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. దసరా, దీపావళి నెలలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అప్పుడు అందరికీ లోడ్లుంటాయి.

కూలీల సంగతి చివర్న చూసేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద గుర్తు అదే. ఉపాధి హామీలో దేశం మొత్తం మీద 2019-20లో సుమారు 265 కోట్ల పనిదినాలు నడిస్తే, 2020-21లో 389 కోట్లకు చేరాయి. జీడీపీ లేచిన 2021-22లో కూడా 363 కోట్ల దగ్గరే ఉన్నాయి. హైదరాబాదు, చెన్నై మేస్త్రీ పనులకు వెళ్లేవాళ్లు ఊళ్లోనే తట్టా పారా పట్టుకున్నారంటే కోలుకోవడం ఇంకా వాళ్ల దాకా రాలేదన్నమాట. ఇది మన ఒక్క దేశం కథా కాదు. అమెరికాలో 2009 జూన్‌తో మాంద్యం ముగిసిందని లెక్కగట్టారు, అక్కడ నిరుద్యోగం 10 శాతానికి చేరింది మాత్రం అక్టోబరులో. చేతిలో కూలి లేనివాడు సామాన్లు కొనడు, కొననిదే మనకు లోడు లేదు.

దగ్గరలోని గుర్తులు కూడా చూడండి, కానీ జాగ్రత్తగా. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయ్ (స్టీలు తయారీలో కలిపే లోహం) ఫర్నేసు వెలిగిందంటే ఎక్కడో స్టీలుకి గిరాకీ వచ్చినట్టు. అది ఆగినంత మాత్రాన దేశం పడిపోయిందనుకోకండి, కరెంటు చార్జీల గొడవ కావచ్చు. జూట్ మిల్లు మూతపడితే దాని బాధలు దానికి వేరే ఉంటాయి. నాకు గురి కుదిరిన గుర్తు ఒక్కటే, తిరుగు లోడు. సాలూరు మీదుగా రాయపూర్ వెళ్లిన బండి అక్కడ రోజుల తరబడి ఖాళీగా నిలబడుతోందా, లేక దించిన మర్నాడే ఎత్తుకుంటోందా? డ్రైవర్లను అడగండి, దాచరు.

వడ్డీ తక్కువగా ఉందని మురిసిపోకండి. రిజర్వు బ్యాంకు 2020 మే నుంచి 2022 మే దాకా రెపోను, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం దగ్గరే ఉంచిందంటే, గిరాకీ మీద దానికే ధీమా లేదనే నేను అనుకున్నాను.

ఇంత చూశాక కూడా కొనాలనిపిస్తే కాగితం తీయండి. నెలలో సగం తిరుగు ప్రయాణాలు ఖాళీగా వస్తాయని రాసుకోండి. డీజిలు, డ్రైవరు బత్తా, టోలు, టైర్లు, ఇన్సూరెన్సు తీసేయండి. మిగిలిన దాంట్లో కిస్తీ పోనూ ఇంట్లోకి ఏమైనా వస్తేనే షోరూముకి వెళ్లండి. రాకపోతే పాత బండికే ఇంజను పని చేయించి, ఇంకో రెండు త్రైమాసికాల అంకెలు చూశాక నా దగ్గరికి రండి.