సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? స్పీడోమీటర్ ముల్లు నూరు దాటే ముందు ఇవి చూసుకోండి

భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచే విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఆఫీసు అయ్యాక సామాన్లు సర్దుకుని, పిల్లలకు అన్నం పెట్టి, రాత్రి పదకొండుకి బయల్దేరితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటామని చాలామంది లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎన్‌హెచ్ 65 మీద దాదాపు 270 కిలోమీటర్లు. భీమవరమో అమలాపురమో వెళ్లేవాళ్లకు అక్కణ్నుంచి ఇంకా గంటలు గంటలు. రోడ్డు బాగుంటుంది, బండి కొత్తది, రాత్రిపూట ఖాళీగా కనిపిస్తుంది. ముల్లు నూరు దాటిపోతుంది. ఆ సమయంలో ఎంత వేగం సరైనదో తేల్చుకోవడానికి ఒక్కటే కొలత ఉంది: ముందు ఎంత దూరం కనిపిస్తోందో అంత దూరంలోపు ఆగగలగాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

లెక్క చూడండి. గంటకు 80 మీద వెళ్తుంటే సెకనుకు 22 మీటర్లు పోతాం. 100 మీద 28, 120 మీద 33. ముందు ఏదో ఉందని కనబడి, అదేమిటో అర్థమై, కాలు బ్రేకు మీద పడేసరికి బాగా మెలకువగా ఉన్న మనిషికి కూడా ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బలంగా తొక్కితే 80 నుంచి ఆగడానికి సుమారు 35 మీటర్లు కావాలి. 100 నుంచి 55, 120 నుంచి 79. రెండూ కలిపితే వరసగా 57, 83, 112 మీటర్లు. రాత్రి డిమ్ లైట్లలో స్పష్టంగా కనిపించేది యాభై మీటర్లు, మహా అయితే అరవై. అంటే డిమ్ మీద నూరులో వెళ్తున్నప్పుడు ముందు లైట్లు లేని ట్రాక్టర్ ఉంటే, అది కనబడిన క్షణంలోనే బ్రేకు తొక్కినా గుద్దక తప్పదు. డ్రైవింగ్ ఎంత బాగా వచ్చినా ఈ లెక్క మారదు.

ఇంకో లెక్క కూడా ఉంది, దీన్ని ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పాలి. రెండు కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయి, ఒకటి 80 మీద, ఒకటి 100 మీద. ఇద్దరూ ఒకేసారి అడ్డం చూసి ఒకేసారి బ్రేకు వేశారు. 80 కారు అడ్డానికి సరిగ్గా అంగుళం ముందు ఆగిందనుకుందాం. అదే చోటికి 100 కారు వచ్చేసరికి దాని వేగం ఇంకా దాదాపు 70 ఉంటుంది. మొదట్లో ఉన్న తేడా ఇరవయ్యే. చివర్లో ఒకరికి గుండె దడ, ఇంకొకరికి 70 మీద గుద్దుడు.

పోనీ ఈ తొందర వల్ల కలిసొచ్చేదెంత? టోళ్లు, ఊళ్లు, మళ్లింపులు పోను నికరంగా వేగంగా వెళ్లగలిగేది 200 కిలోమీటర్లు అనుకుంటే, 80కీ 100కీ మధ్య తేడా అరగంట. సూర్యాపేటలో టీ, టిఫిను కోసం ఆగితే అయిపోయేంత సమయం.

ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు సంగతి చెప్పాలి. 158 కిలోమీటర్ల ఔటర్ మీద టూవీలర్లు ఉండవు, నడిచేవాళ్లు ఉండరు, డివైడర్‌కి సందులు ఉండవు. అక్కడ 120 దాకా అనుమతి ఉంది. గచ్చిబౌలిలోనో కొల్లూరులోనో ఎక్కి 120 మీద వచ్చి పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కుతారు. కంటికి ఆ వేగం అలవాటైపోయి 80 మీద వెళ్తున్నా బండి పాకుతున్నట్టు ఉంటుంది. కానీ ఇది వేరే రోడ్డు. ఇక్కడ చౌటుప్పల్, చిట్యాల, కోదాడ లాంటి ఊళ్లున్నాయి, డివైడర్ సందుల్లోంచి బైకులు వస్తాయి, యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో ఆటోలు ఎదురొస్తాయి. వేగ పరిమితుల మీద కేంద్రం ఇచ్చిన 2018 నోటిఫికేషన్‌లో నాలుగు వరసల రోడ్డుకి కార్లకు 100 అన్నారు కదా అని వాదించేవాళ్లు ఊరి ముందు పెట్టిన 60, 40 బోర్డులను మాత్రం చదవరు. పెద్దఅంబర్‌పేట దిగగానే ఒక పది నిమిషాలు కావాలని ముల్లు చూస్తూ 80 దాటకుండా నడపండి, కన్ను మళ్లీ సర్దుకుంటుంది.

2014 డిసెంబర్‌లో నిర్మాత నందమూరి జానకిరామ్ ఇదే హైవే మీద, ఆకుపాముల దగ్గర, ట్రాక్టర్‌తో ఢీకొన్న ప్రమాదంలోనే చనిపోయారు. పండగ రోజుల్లో ట్రాక్టర్లు ఇంకా ఎక్కువ. ఖరీఫ్ వడ్లు, పత్తి కదిలే కాలం ఇది. ట్రాక్టర్ ట్రక్కు వెనక రెడ్ లైటు ఉండదు, రేడియం స్టిక్కర్ ఉంటే దుమ్ము కొట్టుకుని ఉంటుంది. పత్తి లోడు రెండు పక్కలా ఉబ్బి పక్క వరసలోకి వచ్చేస్తుంది. వడ్లు ఆరబోసిన చోట ఇంకో ప్రమాదం. పగలు బంగారంలా కనబడే కుప్పల మీద సాయంత్రానికి నల్ల పట్టాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని అంచున తలకాయంత రాయి. లైటు వెలుతురులో రాయి నీడ కనబడేసరికే చక్రం దాని మీద ఉంటుంది. సర్వీస్ రోడ్ల మీద, పల్లెకి తిరిగే లింకు రోడ్ల మీద ఇవి మరీ ఎక్కువ. హైవే దిగాక మిగిలిన ఆ పది కిలోమీటర్లలోనే "ఇంకేం, వచ్చేశాం" అని చాలామంది తొందరపడతారు. అక్కడ 40 చాలు.

ఆగి ఉన్న లారీలు ఇంకా పెద్ద ప్రమాదం. ధాబాల ముందు, బంకుల ముందు, ఒక్కోసారి ఎడమ వరసలోనే పార్కింగ్ లైట్లు కూడా వేయకుండా ఆపేస్తారు. వెనక రాళ్లో చెట్టుకొమ్మలో పెట్టి ఉంటే అదే గుర్తు. ధాబా లైట్లు దూరంగా కనబడగానే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి బ్రేకు మీద ఆనించండి. ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేయకూడదని చెప్పేది కూడా ఇందుకే: కుడి వరస పట్టుకుని వదలని లారీని దాటడానికి ఎడమకి కోస్తాం, దాని అవతల ఏముందో అప్పటిదాకా కనబడదు. ఆ లారీని తిట్టుకోవచ్చు, హారన్ కొట్టొచ్చు. సందు కనబడేదాకా ఆగడం మాత్రం తప్పదు.

లారీవాళ్ల ఇండికేటర్ భాష కూడా తెలిసి ఉండాలి. కుడి ఇండికేటర్ వేస్తే కొందరి ఉద్దేశం "దాటి వెళ్లు" అని, ఇంకొందరిది "కుడికి వస్తున్నా, దాటకు" అని. రెండూ ఒకే దీపం. కాబట్టి దాన్ని నమ్మి ఓవర్‌టేక్ మొదలుపెట్టొద్దు. లారీ చక్రం ఎటు తిరుగుతోంది, ముందు రోడ్డు ఖాళీనా, ఇవి మీ కళ్లతో చూసుకోండి. ఖమ్మం, సత్తుపల్లి మీదుగా గోదావరి జిల్లాలకు వెళ్లేవాళ్లు డివైడర్ లేని చోట్ల ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ఎదురొచ్చే బండి వేగమూ మీ వేగమూ కలుస్తాయి. ఇద్దరూ 80 అయితే సెకనుకు 44 మీటర్ల దూరం కరిగిపోతుంది. సందేహం వస్తే దాటొద్దు.

మంచు గురించి కొంచెం వివరంగా. జనవరిలో తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడెనిమిది దాకా చెరువుల పక్కన, నందిగామ దాటాక కృష్ణ ఒడ్డున, డెల్టా కాలవగట్ల మీద మంచు దట్టంగా దిగుతుంది. ఒక కిలోమీటరు తేటగా ఉండి, మలుపు తిరగ్గానే గోడలా ఎదురవుతుంది. అందులోకి దూరకముందే వేగం తగ్గించాలి, దూరాక సడన్ బ్రేకు వేస్తే వెనకవాడు గుద్దుతాడు. హై బీమ్ వేయొద్దు, వెలుతురు మంచుకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్, ఫాగ్ లైట్లు వేసుకోండి. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలి ముందు అద్దం మీదికి మళ్లించండి. ముందున్న బండి ఎర్ర లైట్లు పట్టుకుని దగ్గరగా వెళ్లడం ధైర్యంగా అనిపిస్తుంది, కానీ అతను ఎందులోకి పోతే మీరూ అందులోకే. ఎడమవైపు తెల్ల గీత చూసుకుంటూ పోండి. ముప్పై మీటర్లే కనిపిస్తుంటే 40 కూడా ఎక్కువే కావచ్చు, తడి రోడ్డు మీద టైరు పట్టు తగ్గుతుంది. అదీ కష్టమైతే బంకులోకో హోటల్ ఆవరణలోకో పూర్తిగా దిగిపోయి ఎండ వచ్చేదాకా ఉండండి. రోడ్డు అంచున మాత్రం ఆపొద్దు.

నాలుగు లైట్లూ ఒకేసారి మిణుకుమనే హజార్డ్ స్విచ్ నొక్కి మంచులోనో వానలోనో బండి నడపడం మనవాళ్లలో బాగా పాకిన అలవాటు. దాని అర్థం "నేను ఆగి ఉన్నాను" అని. పైగా అది వేసి ఉంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలిసే దారి ఉండదు. జంక్షన్‌లో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి వేసేవాళ్లూ ఉన్నారు. నేరుగా వెళ్లేవాళ్లు ఏ లైటూ వేయనక్కర్లేదు.

ఎదుటివాడు హై బీమ్ తగ్గించకపోతే మనమూ పెంచి బుద్ధి చెప్పడం వల్ల రెండు గుడ్డి బండ్లు ఎదురెదురు అవుతాయి, అంతే. చూపు ఎడమ అంచుకి తిప్పి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ముందు, ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ వాడుకోవాలి, అప్పుడు చూపు నూరు మీటర్లు దాటుతుంది. డిమ్‌కి మారిన ప్రతిసారీ వేగం కూడా 70కి తగ్గాలి.

నిద్ర. పగలంతా పనిచేసి రాత్రి పదకొండుకి బయల్దేరే పద్ధతి మానేస్తే సగం భయం పోతుంది. రెండు నుంచి ఐదు మధ్య ఎంత అలవాటున్నవాళ్లకైనా ఒళ్లు మాట వినదు. కళ్లు మూసుకుపోనక్కర్లేదు, తెరిచి ఉండగానే మూడు సెకన్లు మెదడు ఆరిపోతుంది. నూరు మీద ఆ మూడు సెకన్లంటే 83 మీటర్లు. దాటొచ్చిన ఊరు ఏదో గుర్తు రాకపోవడం, వరస గీత మీదికి బండి జారడం, వెంటవెంటనే ఆవలింతలు రావడం దీని గుర్తులు. పాటల సౌండు పెంచడం, అద్దం దించడం, మొహం కడుక్కోవడం ఐదు పది నిమిషాలకు మించి పనిచేయవు. వెలుతురున్న బంకులో ఆపి, ఒక స్ట్రాంగ్ కాఫీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి. లేచేసరికి కాఫీ కూడా పట్టుకుంటుంది. మరి ఎప్పుడు బయల్దేరాలంటే, నా మాట మధ్యాహ్నం భోజనం కాస్త తక్కువ తిని రెండు మూడింటికి. లేదా రాత్రి ఇంట్లోనే బాగా నిద్రపోయి తెల్లవారాక. టోల్ దగ్గర ఓ గంట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

బయల్దేరే రెండ్రోజుల ముందు టైర్లు చూడండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. గాడుల మధ్య ఎత్తుగా ఉండే చిన్న దిమ్మె దాకా టైరు అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, మార్చేయాలి. పేలుతుందేమోనని గాలి తగ్గించి కొట్టించుకునేవాళ్లున్నారు. తగ్గితేనే టైరు పక్కలు నలిగి, వేడెక్కి పేలుతుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద నిండు లోడుకి వేరే అంకె ఉంటుంది; ఐదుగురు, డిక్కీ నిండా సామాన్లంటే ఆ అంకె. బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. స్టెప్నీ కూడా.

బెల్టు వెనక సీటువాళ్లకూ. 2022 సెప్టెంబర్‌లో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయిన ఇద్దరూ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నవాళ్లే. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చోవద్దు, సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టొద్దు. అరిసెల డబ్బాలు, స్టీలు క్యాన్లు వెనక అద్దం కింద పెట్టకండి, బ్రేకు వేస్తే అవి అదే వేగంతో తలల మీదికొస్తాయి.

ఊళ్లో అమ్మానాన్నలకు ముందే ఒక మాట చెప్పండి. "ఎక్కడిదాకా వచ్చార్రా" అని గంటకోసారి ఫోన్ చేసేది ప్రేమతోనే. కానీ అది డ్రైవర్‌కి కాకుండా పక్కనున్నవాళ్లకు రావాలి. ఆగినప్పుడల్లా మీరే ఒక మెసేజ్ పెడితే వాళ్లకీ కంగారుండదు.

బండి ఆగిపోతే ఎడమ తెల్ల గీత దాటించి ఆపి, అప్పుడు హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు కనీసం యాభై మీటర్ల వెనక పెట్టండి. అందరూ కిందికి దిగి రెయిలింగ్ అవతల నిలబడాలి, కారులోనూ కారు వెనకా ఉండొద్దు. జాతీయ రహదారుల సాయానికి 1033, అంబులెన్సుకి 108. ఎవరికైనా దెబ్బలు తగిలితే ఆగి సాయం చేయండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు కేసుల నుంచి రక్షణ ఇస్తుంది.

తిరుగు ప్రయాణానికి కూడా ఇదే వర్తిస్తుంది, ఒక తేడాతో. కనుమ రాత్రి విందులో మందు ముట్టుకున్నవాళ్లు ముక్కనుమ తెల్లవారుజామున స్టీరింగ్ పట్టొద్దు. తాగింది ఒంట్లోంచి దిగడానికి చాలా గంటలు పడుతుంది, చన్నీళ్ల స్నానం చేసినా, పెరుగన్నం తిన్నా అది తొందరగా దిగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఆ రోజు ఇంకెవరైనా నడపాలి, లేదంటే ఆఫీసుకి ఇంకో రోజు సెలవు చెప్పి మర్నాడు పొద్దెక్కాక బయల్దేరండి.