సంపు మోటర్ తిరుగుతోంది, నీళ్ళు ఎక్కడం లేదా? ముందు ఇవి చూడండి

ఒంగోల్లో కుళాయి నీళ్ళంటే సాగర్ కాలువ నీళ్ళే. సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకొని వంతులవారీగా వదులుతారు. వచ్చినరోజు సంపులో పట్టుకోవడం, తర్వాత మోటర్ వేసి మేడమీద ట్యాంకుకి ఎక్కించుకోవడం మా ఊళ్ళో ఇంటింటి పని. ఆ మోటర్ మొరాయిస్తే మా చుట్టాల్లో సగంమంది ఫోన్ నాకే. ప్లంబర్ని కాదు, అందరివీ విప్పీ విప్పీ చెయ్యి తిరిగింది, అంతే. నెల్లూరు వేదాయపాలెంలో ఉండే మా అక్కకయితే వీడియో కాల్‌లోనే రెండుసార్లు బాగుచేయించా.

ఇక్కడ చెప్పేది సంపు గట్టు మీద పెట్టే అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ గురించి, అంటే మోటరూ పంపూ ఒకే దిమ్మగా ఉండేది. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ కథ వేరు.

అన్నిటికన్నా ముందు సంపు మూత తీసి లోపలికి చూడండి. నవ్వకండి. "మోటర్ కాలిపోయిందిరా, అర్జంటుగా రా" అని పిలిస్తే ఎండలో బండేసుకొని వెళ్ళి మూత తీస్తే అడుగున జానెడు నీళ్ళు! ఇంకోచోట పైకెళ్ళే పైపుకున్న గేట్ వాల్వ్ ఎవరో కట్టేసి ఉంటారు, అరగంట సేపు మోటర్ విప్పినాక ఆ ఇంటి పిల్లాడు "నేనే తిప్పా" అంటాడు. ఈ రెండూ చూడకుండా స్పానర్ పట్టుకోవద్దు, నాకు ఫోన్ కూడా చెయ్యద్దు.

గుయ్యిమంటోంది, తిరగడం లేదు

స్విచ్ వెంటనే ఆపండి. అలా గుయ్యిమంటూ ఉంటే ఆ కాసేపట్లోనే వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలుతుంది. ఎండాకాలం రాత్రి ఏసీలన్నీ ఆన్ అయ్యే టైమయితే వోల్టేజీ పడిపోయి ఉండొచ్చు, స్టార్టర్ మీటర్లో 180 కన్నా తక్కువ చూపిస్తుంటే పొద్దున్నే వేసుకోండి, పోయేదేముంది. వోల్టేజీ బాగానే ఉంటే మెయిన్ తీసేసి వెనక ఫ్యాన్ దగ్గర షాఫ్టుని చేత్తో తిప్పిచూడండి. సులువుగా తిరిగితే తొంభైపాళ్ళు కెపాసిటర్, అంటే మోటర్ తిరగడం మొదలెట్టించే చిన్న డబ్బా, పోయినట్టు. పాతదాని మీద రాసున్న మైక్రోఫారడ్ నంబరే, 440 వోల్టులదే తెచ్చుకోండి, షాపువాడు "ఇదీ పనిచేస్తుంది సార్" అని వేరే నంబరు అంటగడితే తీసుకోవద్దు. కరెంటు తీసేసినా అందులో చార్జి నిలవుంటుంది, విప్పేముందు ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్ కొనతో రెండు టెర్మినళ్ళనీ ఒకసారి కలపండి. షాఫ్టు బిగుసుకొనుంటే తుప్పు. పండక్కని పది రోజులు ఊరెళ్ళొచ్చిన ఇళ్ళల్లో ఇదే గొడవ, స్క్రూడ్రైవర్‌తో నాలుగుసార్లు అటూ ఇటూ ఆడిస్తే చాలావరకు వదిలేస్తుంది.

ప్రతిసారీ నీళ్ళు పోస్తేగాని ఎక్కడం లేదు

ఇది ఫుట్‌వాల్వ్, అంటే సంపులో పైపు అడుగుకొనకి ఉండే, నీళ్ళు కిందకి జారిపోకుండా పట్టే వాల్వ్. నీళ్ళుపోసే కన్నంలో పొంగేదాకా నింపి పది నిమిషాలు ఆగండి. మట్టం దిగిపోతే అడుగున వాల్వ్ పట్టడం లేదని అర్థం. పైకి లాగి చూస్తే నారముక్కో ఇసుకో అడ్డం పడుంటుంది, కడిగితే సరి. రబ్బరు గట్టిపడి ఉంటే వాల్వే మార్చండి. బోరు నీళ్ళు కూడా ఆ సంపులోకే వదిలే ఇళ్ళల్లో తెల్ల పెచ్చు కట్టి రేకు పూర్తిగా మూసుకోదు, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు.

నీళ్ళొచ్చినరోజు బాగా లాగుతుంది, రెండోరోజుకో మూడోరోజుకో మొరాయిస్తుంది

ఇదీ అసలు సంగతి. సంపు నిండుగా ఉన్నప్పుడు పైపు నిండా ధార. సగానికి దిగేసరికి పైన ట్యాంకులో ధార సన్నబడుతుంది, ఉమ్మినట్టు ఆగి ఆగి పడుతుంది, నీళ్ళు పాలలాగా తెల్లగా, బుడగలతో వస్తాయి, ఇంకాసేపటికి మోటర్ ఉత్తినే తిరుగుతుంటుంది. మళ్ళీ కుళాయి వచ్చి సంపు నిండిందా, ఏమీ ఎరగనట్టు లాగేస్తుంది.

లాయరుపేటలో మా మామయ్య ఇంట్లో ఇదే సమస్యతో నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఫుట్‌వాల్వ్ రెండుసార్లు మార్పించా. సీల్ వేయించా. అప్పటికీ తగ్గకపోతే "మోటర్ బలం తగ్గింది, లోతు నుంచి లాగలేకపోతోంది" అని ఒక మెకానిక్ తేల్చాడు, నేనూ తలూపా, మామయ్య అర హెచ్‌పీ తీసేసి ఒక హెచ్‌పీది కొన్నాడు. మూడోరోజుకి అదీ అంతే. ఆయన నన్నేమీ అనలేదు, అత్తయ్య మాత్రం ఇప్పటికీ అంటుంది.

అప్పుడన్నా బుర్ర పెట్టి ఆలోచించాల్సింది. మోటర్ నీళ్ళని తాడుకట్టి లాగినట్టు లాగదు. పైపులో ఒత్తిడి తగ్గిస్తుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని పైకి నెడుతుంది. ఆ లెక్కన ఎంత గొప్ప మోటరయినా 10 మీటర్లు దాటి పైకి పీల్చలేదు, ఇళ్ళల్లో 25 అడుగుల దాకా ఫర్వాలేదు. మన సంపు లోతెంత, ఏడెనిమిది అడుగులు. దానికి అర హెచ్‌పీ బలం చాలకపోవడమేమిటి? ఒక హెచ్‌పీ వేసినంతమాత్రాన పీల్చే లోతు పెరగదు కూడా.

ఒకరోజు నీళ్ళు సగానికి దిగినప్పుడు మూత తీసి, టార్చి పెట్టుకొని, మోటర్ వేయించి గట్టు మీద బోర్లా పడుకున్నా. "సుయ్" మని సన్నగా చప్పుడు. లోపలి పైపు ఒక్క ముక్క కాదు, అంచు నుంచి చెయ్యి అందేంతలో ఒక కప్లింగ్, అంటే రెండు ముక్కల్ని కలిపే జాయింటు, ఉంది. నీళ్ళు సరిగ్గా దాని కిందకి దిగి ఉన్నాయి. తడి గుడ్డ చుట్టి చేత్తో గట్టిగా పట్టుకున్నా, పది సెకన్లలో పైన ధార సర్దుకుంది. తీసేశా, మళ్ళీ ఉమ్ముడు.

ఇప్పుడు అర్థమైందా? సంపు నిండుగా ఉన్నంతసేపూ ఆ జాయింటు నీళ్ళలో మునిగుంటుంది, సందులోంచి వెళ్ళేదీ నీళ్ళే, కాబట్టి తేడా రాదు. మట్టం దాని కిందకి దిగిన క్షణం నుంచి గాలి పీలుస్తుంది. పైకి కారుతూ ఉంటే ఎవరైనా కనిపెడతారు, ఇక్కడ కారేదేమీ ఉండదు, మోటర్ నడిచేటప్పుడు గాలి లోపలికి పోతుంది తప్ప నీళ్ళు బయటికి రావు. ఆపినాక ఒక చుక్క కారినా అది సంపులోనే పడుతుంది, ఎవరు చూస్తారు? నీళ్ళుపోసి పది నిమిషాలు ఆగే పరీక్షలో కూడా ఇది తప్పించుకుంటుంది, వెంట్రుకవాసి సందులోంచి నీళ్ళు కారడానికి చాలాసేపు పడుతుంది, గాలి మాత్రం ఇట్టే దూరుతుంది.

ఫుట్‌వాల్వ్‌కీ దీనికీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాల్వ్ పోతే ఒకసారి నీళ్ళు పోసి ఎక్కిస్తే ఇక నిండు ధారే. గాలి పీలిస్తే నడుస్తున్నప్పుడే ఉమ్ముతుంది.

ఉమ్మడం మొదలైనప్పుడు సంపులో మట్టం ఎక్కడుందో గోడమీద గీత పెట్టుకోండి. రెండు మూడుసార్లు అదే గీత దగ్గర మొదలైతే దానికి కాస్త పైనున్న జాయింటే దొంగ. నీళ్ళు ఫుట్‌వాల్వ్ పైన అడుగు కన్నా తక్కువున్నప్పుడే వస్తోందంటే అది వేరు, సుడి తిరిగి గాలి పోతోంది, అక్కడితో ఆపేయండి. సంపు నిండుగా ఉన్నా ఉమ్ముతుంటే మోటర్ మూతి దగ్గర ఇనుములోకి బిగించిన ప్లాస్టిక్ మరని, నీళ్ళుపోసే బోల్టు కింద వాషర్ని చూడండి.

రిపేరుకొస్తే, ఎం-సీల్ ముద్ద తడి పైపుకి సరిగ్గా అంటుకోదు, పూసి మళ్ళీ నన్ను తిట్టద్దు. ఆ రోజుకి గడవాలంటే సైకిల్ ట్యూబు చీల్చి బిగించి చుట్టండి. అసలు రిపేరు మాత్రం పైపు మార్చడమే. పీవీసీ పైపు ఆరు మీటర్లు, అంటే దాదాపు 20 అడుగుల పొడవు వస్తుంది, ఎనిమిదడుగుల సంపులో మధ్యలో అతుకెందుకు? మిగిలిన ముక్కలు సర్దెయ్యడానికి వేస్తారు, ఒక పక్కే సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూసి తోసేస్తారు. మామయ్య ఇంట్లో కోసి చూస్తే సగం చుట్టుకి అసలు సొల్యూషనే లేదు. పైనుంచి వాల్వ్ దాకా ఒకటే ముక్క వేయించండి, తప్పనిసరి జాయింట్లు పొడిగా తుడిచి అతికించి ఆ పూటంతా ఆరనివ్వండి. పైపు మొత్తాన్నీ పైకి లాగి పనిచేయించండి, మూతేసి ఉండే సంపులోకి మనిషిని దించద్దు, లోపల ఊపిరాడక పోయే ప్రమాదముంది.

మిగతావి చాలా అరుదు. లోపల ఇంపెల్లర్ (నీళ్ళని తోసే చక్రం) అరిగిపోవడం ఇసుక నీళ్ళు తోడేచోట తప్ప చూడలేదు. మోటర్ తిరగబడి తిరగడం మూడు ఫేజుల వాళ్ళ బాధ, మనకి లేదు. స్టార్టర్ మాటిమాటికీ కొట్టేస్తుంటే తీగలు వదులయ్యాయేమో మెయిన్ తీసి చూడండి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చగా చిలుముపట్టి ఉంటాయి.

ఇంకొక్కటి. కొత్త పైపు వేసినరోజు సంపు నిండుగా ఉంటే ప్లంబర్‌కి డబ్బులు మొత్తం ఇచ్చేయకండి. ఆరోజు చిల్లుపైపయినా లాగుతుంది. నీళ్ళు మీ గీత కిందకి దిగినాక ఒకసారి మోటర్ వేసి, ధార చూసుకొని అప్పుడివ్వండి.