సంతాప సందేశం ఇంగ్లీషులో రాసేటప్పుడు

తోటి ఉద్యోగి ఇంట్లో ఎవరైనా పోయారని తెలిస్తే, మెసేజ్ పంపేముందు ఒక్కసారి సరిచూసుకోండి. ఎక్కువగా దొర్లే తప్పు 'హార్ట్‌ఫుల్ కండోలెన్సెస్'. సరైన మాట 'హార్ట్‌ఫెల్ట్'. 'ఎక్స్‌పైర్డ్' మన దగ్గర చెల్లుతుంది గానీ అమెరికా, బ్రిటన్ వాళ్లకి గడువు తీరిన మందుసీసా, పాస్‌పోర్టు గుర్తొస్తాయి. 'పాస్డ్ అవే' అనండి, లేదా సూటిగా 'డైడ్'. 'మై ఫాదర్ ఈజ్ లేట్' అంటే నాన్నగారు ఇంకా రాలేదని అర్థం! 'మై లేట్ ఫాదర్' అనాలి.

'శాడ్' ఏ చిన్న బాధకైనా సరిపోతుంది. 'గ్రీఫ్' మాత్రం కోల్పోయినప్పటి దుఃఖం. అది నామవాచకం కాబట్టి 'షి ఈజ్ గ్రీఫ్' కుదరదు, 'షి ఈజ్ గ్రీవింగ్' అనాలి. 'డిప్రెస్డ్' జబ్బుకీ వాడే మాట, ఆచితూచి వాడండి.

ఏమీ తోచకపోతే 'ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్' చాలు. ఇక్కడ 'సారీ' క్షమాపణ కాదు, మీ బాధలో నేనూ ఉన్నానని. ఆ కిందే పోయినవారి గురించి మీకు గుర్తున్న ఒక్క విషయం రాయండి, ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ చదువుకునేది దాన్నే. దగ్గరివాళ్లకి మాత్రం 'ఆర్.ఐ.పి.' (రెస్ట్ ఇన్ పీస్) అని మూడక్షరాలు పెట్టి ఊరుకోకండి.