గీజరు నాబు ఎక్కడ పెట్టాలి? నీళ్లు కొలిచి సరిచేసుకునే పద్ధతి

మా నెల్లూరులో చలి ఎంత? ధనుర్మాసం తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అయినా రిపేరుకని నేను వెళ్లే ఇళ్లలో గీజరు నాబు చాలాచోట్ల ఫుల్లు మీదే ఉంటుంది. నీళ్లు 70, 75 డిగ్రీల దాకా కాగుతాయి. ఒంటి మీద పోసుకునేది 40 డిగ్రీలే కాబట్టి బకెట్టు నిండా చన్నీళ్లు కలుపుకుంటారు. గీజరులో మిగిలినవి వాడకుండానే మెల్లగా చల్లారిపోతాయి. ఇన్నేళ్లుగా చెప్తున్నా ఇదే చూస్తున్నాను, అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 26 డిగ్రీల ట్యాంకు నీళ్లు 25 లీటర్లు 50 డిగ్రీలకు కాగాలంటే సుమారు 0.7 యూనిట్ కరెంటు పడుతుంది. అవే 70కి కాగాలంటే దాదాపు 1.3 యూనిట్లు. 2 కిలోవాట్ల గీజరుకు మొదటిది ఇరవై నిమిషాల పని, రెండోది నలభై నిమిషాల పని. ఇంటిల్లిపాదీ వరుసగా స్నానం చేసి ఆ నీళ్లన్నీ వాడేస్తే ఈ తేడా పెద్ద నష్టమేమీ కాదు, కాచిన వేడి ఒంటికే చేరింది. నీళ్లు మిగిలితేనే నష్టం. ఇద్దరే ఉండే ఇంట్లో రోజూ మిగిలేవి ఆ నీళ్లే.

కాబట్టి ఎంత పెట్టాలన్నది మనుషుల్ని బట్టి ఉంటుంది. 25 లీటర్ల గీజరు 50 దగ్గర పెడితే చన్నీళ్లు కలిపాక రెండు బకెట్లు వస్తాయి. 60 దగ్గర పెడితే మూడు. ఇద్దరుంటే 50, నలుగురు వెంటవెంటనే స్నానం చేసే ఇల్లయితే 60. అంతకు మించి పెట్టకూడదు, అది ఎవరి ఇల్లయినా సరే.

కావలసినవి రెండే: నీళ్లలో ముంచే డిజిటల్ థర్మామీటరు, ఒక మార్కర్ పెన్ను. జ్వరం చూసేది పనికిరాదు, 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నాబు కొన్ని గీజర్లకు బయటే ఉంటుంది. లేకపోతే కింది మూత లోపల ఉంటుంది. ఆ మూత విప్పాలంటే స్విచ్ ఒక్కటి కట్టేస్తే చాలదు, ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజరు లైనుకు ఉండే మీట) దించాలి, టెస్టరుతో చూసుకోవాలి. అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అసలు తప్పు జరిగేది కొలిచే దగ్గర. నాబు చుట్టూ ఉండే చుక్కల్ని, గీతల్ని నమ్మొద్దు. రెండు గీజర్లు ఒకే గీత మీద పెట్టినా నీళ్లు ఒకే వేడిలో రావు. కుళాయి దగ్గర కొలిచిందే లెక్క.

నాబు సగానికి తిప్పి, స్విచ్ వేసి, ఎర్ర లైటు దానంతట అదే ఆరేదాకా ఆగండి. ఆరగానే కుళాయి విప్పొద్దు, ఐదు నిమిషాలు గడవనివ్వండి. తర్వాత పైపులో నిలిచిన నీళ్లు ఒకటి రెండు మగ్గులు పారబోసి, అప్పుడొచ్చే వేణ్ణీళ్లు స్టీలు చెంబులో పట్టి థర్మామీటరు ముంచండి. అంకె కదలడం ఆగాక చదవండి. చెయ్యి పెట్టి చూడొద్దు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లు తగిలితే చర్మం కాలిపోతుంది. చిన్నపిల్లలకైతే ఇంకా తొందరగా కాలుతుంది.

అంకె 64 వచ్చిందనుకుందాం. నాబు కొంచెం తగ్గిస్తారు, పది నిమిషాలాగి మళ్లీ కొలుస్తారు, మళ్లీ 64 దగ్గరే ఉంటుంది. 'థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపే భాగం) పోయింది' అని నాకు ఫోన్ చేస్తారు. థర్మోస్టాట్ బాగానే ఉంది. నాబు తగ్గించినంత మాత్రాన లోపల కాగిన నీళ్లు చల్లారవు కదా! వాటిని స్నానాలకు వాడేయండి. కొత్త నీళ్లు నిండి, కాగి, లైటు ఆరాక మళ్లీ కొలవండి. రోజుకు ఒకసారి తిప్పడం, ఒకసారి కొలవడం, అంతే. రెండు మూడు రోజుల్లో కావలసిన అంకెకు వస్తుంది. అప్పుడు నాబు పక్కన మార్కర్‌తో గీత గీయండి, ఇంట్లో ఎవరు తిప్పినా మళ్లీ అక్కడికి తేవచ్చు.

'నాబు ఫుల్లు మీదే ఉంచి పది నిమిషాలకు ఆపేస్తాం, అదీ పొదుపే కదా' అంటారు కొందరు. ఫోను మోగితే ఆ పది కాస్తా ముప్పై అవుతుంది. నాబు సరిగ్గా ఉంటే మీరు మర్చిపోయినా అది మర్చిపోదు. స్నానానికి అరగంట ముందు స్విచ్ వేసి, నీళ్లు పట్టుకోగానే కట్టేయడం ఎలాగూ చేయాలి.

బోరు నీళ్ల ఇళ్లకు ఇంకో నష్టం ఉంది. నీళ్లు ఎంత కాగితే సున్నం అంత ఎక్కువగా పేరుకుంటుంది. ఒంగోలులో ఒక ఇంట్లో నాలుగేళ్లు ఫుల్లు మీద నడిచిన గీజరు ఎలిమెంటు, అంటే నీళ్లు కాచే కడ్డీ, బయటికి లాగాను. బొటనవేలంత మందాన తెల్లటి పెచ్చు కట్టి, సున్నంలో ముంచి ఎండబెట్టిన కొమ్మలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆ పెచ్చు కట్టాక ఎలిమెంటు నుంచి వేడి సరిగా నీళ్లకు అందదు. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, ఎలిమెంటు కాలిపోతుంది.

అలాగని 40కి దించేయకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్లలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, దానివల్ల న్యుమోనియా వస్తుంది. వేణ్ణీళ్లు 60కి తగ్గకుండా నిలవ ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇంట్లో 60 దగ్గరే ఉంచి, ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేణ్ణీళ్లు కలపండి. 50 దగ్గర పెట్టుకున్నవాళ్లు వారానికోసారి, ఊరికెళ్లి వచ్చిన రోజు తప్పనిసరిగా, 60కి తెచ్చి అరగంట ఉంచాక వాడండి.

ఎండాకాలం వచ్చాక ఇవేవీ అక్కర్లేదు. రోహిణి కార్తెలో మేడ మీద ట్యాంకు నీళ్లే కాలుతూ వస్తాయి. ఎంసీబీ దించేసి, మళ్లీ కార్తీకంలో వేసుకునేటప్పుడు ఒకసారి కొత్తగా కొలవండి.