పాటల విభావరి మధ్యలో చప్పబడుతోందా? ముందు ఇది చూడండి

లక్షణం: మొదటి రెండు మూడు పాటలకు చప్పట్లు బాగానే పడతాయి. తర్వాత హాల్లో ఫోన్లు వెలుగుతాయి, వెనక వరుసలు ఖాళీ అవుతాయి. వెంటనే పాటల ఎంపిక బాగాలేదంటారు, లేదా సౌండువాళ్ల మీద పడతారు. పాటకూ పాటకూ మధ్య ఎంతసేపు పోతోందో గడియారం పెట్టి చూడమంటే మాత్రం ఎవరూ చూడరు.

తేలికవి ముందు తేల్చేద్దాం. గాయని గొంతు జీరబోతే తారస్థాయి పాటలు పక్కపక్కన పడ్డాయని అర్థం. మధ్యలో వేరొకరి పాట వేయండి. మొదటి పాటకు స్పందన లేదా? రవీంద్రభారతిలో ఆరింటికని కార్డు వేస్తే జనం కుదురుకునేసరికి ఆరున్నర. మీ మంచి పాటను ఖాళీ కుర్చీలకు వినిపించకండి.

అసలు దొంగ శ్రుతి మార్పు. శ్రుతి అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎంత ఎత్తులో ఉందన్నది; దాన్నే ఒకటి, రెండున్నర అని అంకెల్లో చెబుతారు. కర్ణాటక కచేరీలో ఈ బాధ లేదు, వర్ణం నుంచి మంగళం దాకా ఒకటే శ్రుతి. సినిమా పాటల విభావరిలో పాటకో శ్రుతి, పాటకో గొంతు. ఒకటి శ్రుతి పాట వెంటనే రెండున్నర శ్రుతి పాట వేశారనుకోండి. కాగితం మీద చక్కగానే ఉంటాయి. వేదిక మీద తబలా ఆయన శ్రుతి మార్చడానికి సుత్తితో గట్టాలు (తబలా చుట్టూ ఉండే కొయ్య ముక్కలు) తడుతుంటారు, వేణువు ఆయన సంచిలో ఇంకో వేణువు వెతుకుతుంటారు, యాంకరు చెప్పాల్సింది చెప్పేసి దిక్కులు చూస్తుంటారు. ఇలా నాలుగైదు చోట్ల జరిగితే సభ చల్లారిపోతుంది.

కీబోర్డుకు ఆలస్యం ఉండదు, అందుకే ఇంకా ప్రమాదం. ముఖ్య అతిథి కోరారని ఒక పాటను ముందుకు జరుపుతారు. ట్రాన్స్‌పోజ్ (కీబోర్డు శ్రుతిని మార్చే అమరిక) మాత్రం పాత వరుస లెక్కలోనే ఉండిపోతుంది. ఆరంభ సంగీతం ఒక శ్రుతిలో, గాయకుడు మరో శ్రుతిలో!

పరిష్కారం: ప్రతి పాట పక్కన శ్రుతి, ట్రాన్స్‌పోజ్ అంకె రాయండి. కలిసే శ్రుతులను జత చేయండి. ఒకటి శ్రుతికి కట్టిన తబలా నాలుగు శ్రుతి పాటలో పంచమంగా (‘ప’ స్వరంగా) పనికొస్తుంది. తబలా ఆయన్ని అడిగితే ఇలాంటివి ఇంకా చెబుతారు, అడిగేవాళ్లే లేరు. తప్పని పెద్ద మార్పును సన్మానం పక్కన పెట్టండి. శాలువాలు కప్పుతున్నంతసేపూ శ్రుతి చేసుకోవచ్చు (తబలా మైకు ఆపించి). మన ఊళ్లో సన్మానం అనుకున్న వేళకు జరగదు కాబట్టి, అది ముందుకో వెనక్కో జరిగితే దానికి అటూ ఇటూ ఉన్న పాటలను కూడా దానితోపాటే జరపండి. రిహార్సల్‌లో ఒక విడత అతుకులే చూసుకోండి: ఈ పాట చివరి పల్లవి నుంచి తర్వాతి పాట మొదటి పల్లవి దాకా.

ఆఖరి పాటలు మిగిలిపోతున్నాయా? ఆరుబయట కార్యక్రమమైతే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం సాధారణంగా రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు కట్టేయాలి. జనం ఎదురుచూసే పాట తొమ్మిదిన్నరలోపు పడాలి. హాలు కలిసిరాలేదనీ, ఆ పాటకు అది వేళ కాదనీ చెప్పేవాళ్లుంటారు. తల ఊపి, మీ కాగితంలో శ్రుతులు సరిచూసుకోండి.