పింగాణీ పెంకులతో కుండీలు చేసే ముందు

వానలు పడేలోపు అటక మీది పగిలిన కప్పులూ, సాసర్లూ, మిగిలిపోయిన టైల్స్ ముక్కలూ దించి కుండీలకు అతికించేద్దాం అనుకుంటున్నారా? ముందు ఇది చదవండి.

పగలగొట్టేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. కళ్ళకు అద్దాలు పెట్టుకుని, కప్పుని గోనెసంచిలో చుట్టి, పిల్లల్ని లోపలికి తోలి మరీ సుత్తి వేస్తాం. దెబ్బ తగిలేది తర్వాతే. పోయినేడు నేను మూడుసార్లు ఊడ్చిన డాబా మీదకి, రెండ్రోజుల తర్వాత తెల్లారుజామున తులసికి నీళ్ళు పోయడానికి మా అత్తయ్య చెప్పుల్లేకుండా వచ్చింది. బియ్యపుగింజంత పెంకు మడమలో దిగింది. తెల్ల గచ్చు మీద తెల్ల పెంకు, కనిపిస్తే కదా! టీటీ ఇంజెక్షన్ చేయించి తీసుకొచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్.

అప్పట్నుంచీ పాత ఫ్లెక్సీ పరిచి దానిమీదే పగలగొడుతున్నాను. అయ్యాక గచ్చంతా తడిగుడ్డతో తుడిచి, చీకటిపడ్డాక ఫోన్ టార్చ్ నేలకి ఆనించి పక్కనుంచి వేస్తే మిగిలినవి మిణుక్కుమంటాయి. ఆ చీపురు ఇంట్లో వాడకండి, పుల్లల మధ్య పెంకులు ఇరుక్కుంటాయి. పనికిరాని ముక్కల్ని కవర్లో వేసి చెత్తబండికి ఇవ్వొద్దు, వాళ్ళు చేత్తో వేరుచేస్తారు. పాత పెయింట్ డబ్బాలో వేసి మూతపెట్టి, లోపల ఏముందో చెప్పి ఇవ్వండి.

టైల్స్ గ్రైండర్‌తో కోస్తే తడిపి కొయ్యండి. పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, చేతిరుమాలు ఆపదు, ఎన్95 మాస్కే కావాలి. మాలు (సిమెంటూ ఇసుకా నీళ్ళూ కలిపిన ముద్ద) కలిపేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. మేస్త్రీలు వట్టి చేతులతోనే చేస్తారు కదా అంటారేమో, వాళ్ళ వేళ్ళ చివర్లు ఒకసారి దగ్గర్నుంచి చూడండి. తడి సిమెంట్‌కి క్షారం ఎక్కువ, కాలుస్తుంది.

మన విశాఖలో అందరికీ వచ్చే ఐడియా ఒకటుంది: బీచ్ ఇసుకా, గవ్వలూ. ఇసుక అసలు వద్దు. అందులోని ఉప్పు కుండీలో ఇనుప తీగ ఉంటే తుప్పు పట్టిస్తుంది, పైన తెల్లటి పొరలా పొంగుతుంది. ఇక శంఖాలూ గవ్వల్లో కొన్ని రకాలకి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, పగడపు ముక్కల జోలికి అసలు పోకండి. ఇంట్లో ఉన్న గవ్వలైతే రెండు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ కడిగాకే అతికించండి. పాత ట్యూబ్‌లైట్లు పగలగొట్టొద్దు, వాటిలో పాదరసం ఉంటుంది. అమ్మమ్మల కాలంనాటి రంగుల పింగాణీ మెరుపులో సీసం ఉండొచ్చు, కాబట్టి పిచ్చుకలకు నీళ్ళు పెట్టే పళ్ళెంలో దాన్ని పెట్టకండి.

కప్పులు బాగున్నాయని సగం గిన్నెలా పైకి తెరిచి అతికిస్తారు చూడండి, అదే నాకు ఒళ్ళు మండే పని. వానాకాలంలో అందులో నిలిచే రెండు చెంచాల నీళ్ళు చాలు డెంగీ దోమకి. లోపల మాలుతో నింపెయ్యండి, లేదా బోర్లించండి.

మే ఎండలో మధ్యాహ్నం అతికిస్తే మాలు గబగబా ఆరిపోయి బీటలిస్తుంది. పొద్దున్నే చేసి, తడి గోనె కప్పి, వారం పాటు నీళ్ళు చల్లండి. మొదటి రోజు వాన పడేలా ఉంటే మీద టార్పాలిన్ ఉండాలి.

పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు, ఆ గాలికి కుండీ కిందపడుతుంది. సిమెంటూ పెంకులూ ఎక్కిన కుండీ తుఫాను హెచ్చరిక వచ్చాక ఒక్కరి వల్ల కదలదు, అందుకే దాన్ని ఎక్కడ ఉంచదలచుకున్నారో అక్కడే, కింద నేల మీదే, చెయ్యడం మొదలుపెట్టండి.