పాత కంప్యూటర్‌లో వర్చువల్ మెమరీ మార్చే ముందు చూసుకోవాల్సినవి

4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7 గానీ 10 గానీ. పదేళ్లు దాటిన ఇంటి కంప్యూటర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి పక్కన ఎక్సెల్ పెట్టుకుంటే మౌస్ కూడా మొరాయిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు "వర్చువల్ మెమరీ పెంచు, స్పీడ్ అయిపోద్ది" అంటారు. స్పీడ్ అవ్వదు. మెమరీ చాలక ప్రోగ్రాములు మధ్యలో మూతపడుతుంటే, అది మాత్రం ఆగుతుంది.

ర్యామ్ నిండినప్పుడు, అప్పటికి వాడుకలో లేని భాగాన్ని విండోస్ హార్డ్‌డిస్క్‌లోని పేజ్‌ఫైల్ అనే ఫైల్‌కి తోసేస్తుంది. వర్చువల్ మెమరీ పెంచడమంటే ఈ ఫైల్ సైజు పెంచడమే. ఎప్పుడో గానీ అవసరం పడని సామాను అటకెక్కించినట్టు. ఇబ్బందల్లా, రోజూ వాడే గిన్నెలు కూడా అటకెక్కినప్పుడే. ర్యామ్ నుంచి డేటా రావడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. తిరిగే హార్డ్‌డిస్క్ నుంచి అయితే 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. దాదాపు లక్ష రెట్ల తేడా. అటక పెద్దది చేసినంత మాత్రాన ఈ తేడా తగ్గదు.

కాబట్టి ముందు అసలు కొరత మెమరీదేనా అని చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర "కమిటెడ్" అని, గీతకు అటూ ఇటూ రెండు అంకెలు ఉంటాయి (విండోస్ 7లో దాని పేరు "కమిట్"). మొదటిది ప్రోగ్రాములు అడిగి తీసుకున్నది, రెండోది ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి ఉన్న మొత్తం. మీరు మామూలుగా చేసుకునే పనులన్నీ తెరిచి ఉంచి చూడండి. మొదటి అంకె రెండోదాన్ని తాకేలా ఉంటే పెంచడంలో అర్థం ఉంది. 3.5, 8 లాగా మధ్యలో బోలెడు ఖాళీ కనిపిస్తుంటే పేజ్‌ఫైల్ పెంచి ప్రయోజనం లేదు. అలాంటప్పుడు డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే నిలబడి ఉంటే, విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో, డిస్క్ పాడవడమో కారణం కావచ్చు.

డిస్క్ పాడవడం అన్నాను కాబట్టి, ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా భయం వేసేది అదొక్కటే. పాత డిస్క్ టిక్ టిక్‌మంటున్నా, ఫైల్ కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతున్నా వర్చువల్ మెమరీ సంగతి పక్కన పెట్టండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం తెలుస్తుంది. అందులో పసుపు రంగులో "కాషన్" కనిపిస్తే ముందు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ట్యాలీ డేటా బయటి డ్రైవ్‌కి ఎక్కించాలి. పేజ్‌ఫైల్‌లో రాయడం, చదవడం ఆగకుండా జరుగుతూనే ఉంటాయి. చివరి దశలో ఉన్న డిస్క్‌కి ఆ బరువు ఇంకా పెంచకూడదు.

తర్వాత సీ డ్రైవ్‌లో ఖాళీ. మన దగ్గర అసెంబుల్ చేసి ఇచ్చేవాళ్లు డిస్క్‌ని సీ, డీ, ఈ అని ముక్కలు చేసి, సీకి 100 జీబీ ఇచ్చి వదిలేయడం మామూలే. విండోస్ 10 తనంతట తానే చూసుకునేటప్పుడు పేజ్‌ఫైల్‌ని ర్యామ్‌కి మూడింతల దాకా పెంచుకోగలదు, కానీ ఆ డ్రైవ్‌లో ఎనిమిదో వంతు దాటదు. 4 జీబీ ర్యామ్, 100 జీబీ సీ డ్రైవ్ అయితే 12 జీబీ దాకా అన్నమాట. సీలో మిగిలింది 3 జీబీయే అయితే అది ఎక్కడికి పెరుగుతుంది? నేను చూసిన చాలా కేసుల్లో జబ్బు ఇదే. డెస్క్‌టాప్ మీద పడేసిన పెళ్లి వీడియోలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ డీకి మార్చి, డిస్క్ క్లీనప్ నడిపి సీలో కనీసం 20 జీబీ ఖాళీ చేస్తే, సెట్టింగ్ ముట్టుకోకుండానే సగం గొడవ తీరిపోతుంది.

"సీలో ఖాళీ లేదు, డీకి మార్చేద్దాం" అనేది ఇంకో సలహా. డీ వేరే డిస్క్ అయితే మంచిదే. ఒకే డిస్క్‌లో ఇంకో ముక్క అయితే వేగంలో లాభం సున్నా, పైగా డేటా చదివే డిస్క్ హెడ్ ఆ చివరికీ ఈ చివరికీ తిరగాల్సి వస్తుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన డిస్క్) వేయించుకుని ఉంటే పేజ్‌ఫైల్ దాని మీదే ఉంచండి. అరిగిపోతుందని దాన్ని మళ్లీ పాత డిస్క్‌కి మార్చేవాళ్లున్నారు, అనవసరపు భయం.

మార్చక తప్పదు అనుకుంటే, రోజు చూసి ఎంచుకోండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు రోజో, జీఎస్టీ రిటర్న్ ఆఖరి తేదీనాడో వద్దు. సెట్టింగ్‌కి రెండు నిమిషాలు చాలు, కానీ రీస్టార్ట్ చేయాల్సి రావచ్చు. అన్నాళ్లుగా పేరుకున్న విండోస్ అప్‌డేట్లు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి, పాత డిస్క్ మీద గంట కూడా పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ మొదలు. యూపీఎస్ బ్యాటరీ ఎన్నేళ్ల కిందటిదో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

దిస్ పీసీ (విండోస్ 7లో "కంప్యూటర్") మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్. అక్కడే సిస్టమ్ ప్రొటెక్షన్ అనే ట్యాబ్‌లో ముందు ఒక రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే సెట్టింగులు వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర ఛేంజ్. ఉన్న అంకెల్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరో పాతికేళ్ల కిందటి ఎక్స్‌పీ లెక్కతో, ర్యామ్‌కి ఒకటిన్నర రెట్లని అంకెలు బిగించి వెళ్లి ఉంటే, పైన "ఆటోమేటికల్లీ మేనేజ్" దగ్గర టిక్ పెట్టేయడమే చాలామందికి సరైన మందు. సొంత అంకెలు పెట్టాలనుకుంటే ఆ టిక్ తీసి, సీ ఎంచుకుని, కస్టమ్ సైజ్‌లో ఇనీషియల్‌కి 4096, మాగ్జిమమ్‌కి 8192 ఇవ్వొచ్చు. ఇవి ఎంబీలు. ఒక అంకె జారి 409 అయిందంటే మొదటికే మోసం. అంకెలు వేశాక "సెట్" నొక్కాలి. అది నొక్కకుండా ఓకే కొడితే మార్పు పడదు.

"నో పేజింగ్ ఫైల్" మాత్రం వద్దు. 4 జీబీ ర్యామ్‌తో అది పెట్టుకుంటే ర్యామ్ నిండగానే ప్రోగ్రాములు ఒక్కసారిగా మూతపడతాయి, సేవ్ చేయని పని పోతుంది. బ్లూ స్క్రీన్ వస్తే కారణం తెలుసుకోవడానికి పనికొచ్చే డంప్ ఫైల్ కూడా మిగలకపోవచ్చు. డ్రైవ్ తెరవగానే మొదటి స్థాయిలో దాగి ఉండే పేజ్‌ఫైల్‌ని చేత్తో డిలీట్ చేయబోవద్దు.

మార్చాక కొన్ని రోజులు గమనించండి. విండోస్ తన సమస్యలు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో 2004 అనే నంబరుతో హెచ్చరికలు ఇంకా వస్తుంటే మెమరీ ఇప్పటికీ చాలడం లేదని. ఇక ర్యామ్ కొనాల్సిందే. కొనే ముందు పైన చెప్పిన ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ 32 బిట్ అని ఉందేమో చూడండి. అలా ఉంటే ఇంటి విండోస్‌లో 4 జీబీకి మించి వేసినా లాభం లేదు. మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి: జీ31 చిప్‌సెట్ బోర్డులు 4 జీబీతో ఆగిపోతాయి, హెచ్61 బోర్డులు 16 దాకా తీసుకుంటాయి. ర్యామ్‌లో రకాలున్నాయి, డీడీఆర్2 స్లాట్‌లో డీడీఆర్3 దిగదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, మీ ఊళ్లో రిపేర్ షాపుకి వెళ్లినా, పాత ర్యామ్ స్టిక్ వెంట తీసుకెళ్లండి.